గాలిని ఎరువుగా మార్చిన ఇంజనీరు: కార్ల్ బాష్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం గురించి వ్రాసి పంపమని సంపాదకవర్గం వారు సభ్యులను కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి, వాగ్గేయకారుల గురించి చక్కగా వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. ఉద్యోగ జీవితమంతా అమోనియా ప్లాంటులో గడిపిన కెమికల్ ఇంజనీరును కనుక నేను కార్ల్ బాష్ గురించి వ్రాస్తున్నాను. ఈ పేరు మన కుటుంబాలలో చాలామందికి కొత్తగా ఉండవచ్చు. కానీ ఈ రోజు మనం తిన్న అన్నంలో ఆయన కష్టం కొంత కలిసి ఉంది.

ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివిన ప్రతివారికీ హేబర్ పద్ధతి గుర్తుండే ఉంటుంది. ఒక పాలు నత్రజని, మూడు పాళ్ళు హైడ్రోజన్ కలిపి, ఎక్కువ పీడనం వద్ద, ఎక్కువ వేడిమి వద్ద ఇనుము ఉత్ప్రేరకం మీదుగా పంపితే అమోనియా వస్తుందని సమీకరణం వ్రాసి మార్కులు తెచ్చుకున్నాం. పుస్తకంలో అది ఒక్క లైను. ఆ లైనుకూ, రోజుకు 30 టన్నుల అమోనియా ఇచ్చే కర్మాగారానికీ మధ్య నాలుగేళ్ళ చాకిరీ ఉంది. ప్రయోగశాలలో తేలిన విషయాన్ని కర్మాగారంలో రాత్రింబగళ్ళు నడిచే పనిగా మార్చడాన్నే మేము ప్రాసెస్ డెవలప్‌మెంట్ అంటాం. ఆ విద్యలో బాష్‌ను మించినవారు అరుదు. అయితే ఆయన జీవితంలో గర్వపడవలసిన భాగం ఎంత ఉందో, ఆలోచించి బాధపడవలసిన భాగమూ అంత ఉంది. రెండూ చెప్పకపోతే ఆయన కథ చెప్పినట్లు కాదు.

బాల్యం, చదువు

కార్ల్ బాష్ 1874 ఆగస్టు 27న జర్మనీలోని కొలోన్ నగరంలో జన్మించారు. తండ్రికి గ్యాసు, నీటి పైపుల సామాను వ్యాపారం ఉండేది. స్పార్క్ ప్లగ్గుల మీద, డీజిల్ పంపుల మీద మనం చూసే బాష్ కంపెనీని స్థాపించిన రాబర్ట్ బాష్ ఈయనకు స్వయానా పినతండ్రి. ఇంట్లో పైపులు, పనిముట్ల మధ్య పెరగడం వల్ల కాబోలు, ఆ కుర్రవానికి చేతిపని మీద చిన్నప్పటినుంచీ మక్కువ. రాళ్ళు, పురుగులు, సీతాకోకచిలుకలు సేకరించే అలవాటు కూడా అప్పుడే మొదలై చివరివరకూ ఉండిపోయింది.

పాఠశాల చదువు అయ్యాక ఆయన వెంటనే కాలేజీకి వెళ్ళలేదు. సైలీషియా ప్రాంతంలోని ఒక ఇనుప కర్మాగారంలో ఏడాదిపాటు పనివారితో కలిసి పని నేర్చుకున్నారు. తరువాత 1894 నుంచి రెండేళ్ళు బెర్లిన్ దగ్గర షార్లొటెన్‌బర్గ్‌లో లోహశాస్త్రం, మెకానికల్ ఇంజనీరింగు చదివారు. ఆ పిమ్మట లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రంలో చేరి 1898లో డాక్టరేటు పొందారు. అప్పట్లో కెమికల్ ఇంజనీరింగు అనే పేరుతో జర్మనీలో ప్రత్యేకమైన చదువు లేదు. ఇనుము గురించీ, యంత్రాల గురించీ, రసాయనాల గురించీ ఒకే మనిషికి తెలిసి ఉండడం చాలా అరుదు. ఈ మూడు చదువులూ తరువాత ఆయనకు ఎలా అక్కరకు వచ్చాయో ముందు ముందు చూస్తాం.

కొత్త ఉద్యోగి, పేరున్న ఆచార్యుడు

1899లో బాష్ లుడ్విగ్స్‌హాఫెన్‌లోని బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీలో చేరారు. అప్పటికి అది రంగుల తయారీలో పేరుపొందిన సంస్థ. గంధకామ్లాన్ని కాంటాక్ట్ పద్ధతిలో తయారుచేయడంలో పేరు గడించిన రుడాల్ఫ్ క్నీచ్ దగ్గర ఆయన పని మొదలుపెట్టారు.

1900లో లైప్‌జిగ్ ఆచార్యుడు విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ ఒక కబురు పంపారు. నత్రజని, హైడ్రోజన్ వాయువులను వేడి ఇనుము మీదుగా పంపి తాను అమోనియా తయారుచేశానని, ఆ పద్ధతిని కంపెనీకి ఇస్తానని ఆ కబురు సారాంశం. ఓస్ట్‌వాల్డ్ యూరప్ అంతటా పేరున్న శాస్త్రవేత్త. ఆ ప్రయోగాన్ని పరీక్షించే పని ఉద్యోగంలో చేరి ఏడాది అయిన బాష్‌కు అప్పజెప్పారు. ఆయన ఎన్నిసార్లు చేసినా చెప్పుకోదగ్గ అమోనియా రాలేదు. చివరకు కారణం పట్టుకున్నారు. ఓస్ట్‌వాల్డ్ వాడిన ఇనుములో ముందే నత్రజని సమ్మేళనం కలిసి ఉంది. వచ్చిన కాస్త అమోనియా అందులోనిదే కానీ గాలిలోని నత్రజనిది కాదు. ఆచార్యుడికి మొదట కోపం వచ్చినా, తరువాత నిజం ఒప్పుకుని తన పేటెంటు దరఖాస్తును వెనక్కి తీసుకున్నారు. పెద్ద పేరు చూసి వెనకాడక, కొలిచి చూసిన అంకెనే నమ్మడం బాష్ స్వభావమని ఆనాడే తెలిసిపోయింది.

అమోనియా కోసం ఎందుకింత తాపత్రయం?

పిల్లలు అడగవచ్చు కనుక ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. గాలిలో ఐదింట నాలుగు వంతులు నత్రజనే. కానీ మొక్కలు దానిని నేరుగా తీసుకోలేవు. పప్పుజాతి మొక్కల వేళ్ళలోని సూక్ష్మజీవులు కొంత నత్రజనిని నేలకు అందిస్తాయి. మన రైతులు వరి కోశాక మినుము, పెసర చల్లడంలోనూ, జీలుగ, జనుము వేసి దున్నడంలోనూ ఉన్న రహస్యం ఇదే. పశువుల ఎరువు మరికొంత ఇస్తుంది. యూరప్‌లో జనాభా పెరిగి ఇవి చాలకపోవడంతో దక్షిణ అమెరికాలోని చిలీ ఎడారి నుంచి ఓడల్లో నైట్రేటు ఉప్పు తెచ్చుకునేవారు. ఆ నిల్వలు తరిగిపోతే గోధుమకు కరువు తప్పదని బ్రిటిష్ శాస్త్రవేత్త విలియం క్రూక్స్ 1898లో హెచ్చరించారు. గాలిలోని నత్రజనిని పట్టి ఎరువుగా మార్చడం తప్ప వేరే దారి లేదని ఆయన చెప్పారు. ఆ నైట్రేటే పేలుడు పదార్థాలకూ మూలం. ఈ రెండో సంగతిని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

కార్ల్‌స్రూయెలో పడిన చుక్కలు

కార్ల్‌స్రూయె నగరంలోని సాంకేతిక విద్యాలయంలో ఫ్రిట్జ్ హేబర్ అనే ఆచార్యుడు, రాబర్ట్ లె రొసిన్యోల్ అనే బ్రిటిష్ సహాయకునితో కలిసి ఈ సమస్య మీద పనిచేస్తున్నారు. ఎక్కువ పీడనం ఇస్తేనే అమోనియా చెప్పుకోదగినంతగా వస్తుందని వారు తేల్చారు. ఆస్మియం అనే అరుదైన లోహం ఉత్ప్రేరకంగా బాగా పనిచేసింది. 1909 మార్చిలో హేబర్ వంద వాతావరణాల పీడనం, అయిదారు వందల డిగ్రీల వేడి కావాలని చెప్పగానే బి.ఎ.ఎస్.ఎఫ్. పరిశోధనాధికారి బెర్న్‌సెన్ హడలిపోయారు. అంతకు చాలా తక్కువ పీడనానికే కంపెనీలో ఒక పాత్ర పేలిన అనుభవం ఉంది. బాష్‌ను అడిగితే, ఉక్కు పరిశ్రమ ఎంతవరకు చేయగలదో తనకు తెలుసునని, సాహసించి చూడవచ్చునని చెప్పారు. ఇనుప కర్మాగారంలో గడిపిన ఏడాది ఆ మాట వెనుక ఉంది.

1909 జూలై 2న హేబర్ తన పరికరాన్ని నడిపి చూపించారు. బాష్, ఆయన సహచరుడు ఆల్విన్ మిటాష్ చూడడానికి వెళ్ళారు. సరిగ్గా ఆ సమయానికే పరికరంలో ఒక బోల్టు దెబ్బతిని పని ఆగిపోయింది. బాష్ వేచి ఉండలేక వెళ్ళిపోయారు. మిటాష్ ఉండిపోయి, మరమ్మతు అయ్యాక ద్రవ అమోనియా చుక్క చుక్కగా పడడం కళ్ళారా చూశారు. ఆ పరికరం ఒక బల్ల మీద పట్టేంతే. ఇక దానిని కర్మాగారంగా మార్చే భారం బాష్ మీద పడింది.

మూడు ముడులు

ఆయన ముందు మూడు సమస్యలు నిలిచాయి. చవకగా శుద్ధమైన హైడ్రోజన్ కావాలి. అందుబాటులో ఉండే ఉత్ప్రేరకం కావాలి. వేడినీ, పీడనాన్నీ కలిపి తట్టుకునే కన్వర్టర్ కావాలి.

ఉత్ప్రేరకం పని మిటాష్‌కు అప్పగించారు. ఆస్మియం ప్రపంచంలో ఆనాడు దొరికేది మొత్తం కలిపినా సుమారు వంద కిలోలే. అది నమ్ముకుని కర్మాగారం కట్టలేరు. మిటాష్ బృందం చిన్న చిన్న పరీక్ష గొట్టాలు తయారుచేసుకుని, రెండేసి గ్రాముల నమూనాలు మార్చి మార్చి పెట్టి రాత్రింబగళ్ళు పరీక్షించారు. 1912 మొదటికి 2,500 రకాల పదార్థాలతో 6,500 పరీక్షలు పూర్తయ్యాయి. స్వీడన్‌లోని గెల్లివారె గని నుంచి వచ్చిన మాగ్నటైటు ఖనిజం ఒకటి ఆశ్చర్యంగా బాగా పనిచేసింది. స్వచ్ఛమైన ఇనుము అంత బాగా పనిచేయలేదు. ఖనిజంలో ఉన్న మలినాలే దానికి బలమని గ్రహించి, ఇనుముకు అల్యూమినా, పొటాషియం వంటివి కొలిచి కలిపారు. నేటికీ అమోనియా కన్వర్టర్లలో ఎక్కువగా నింపేది ఈ ఇనుప ఉత్ప్రేరకపు వారసులనే. మా ప్లాంటులో ఆ నల్లని గులకరాళ్ళను కన్వర్టర్‌లో నింపేటప్పుడు, ఇవి వేల పరీక్షలకు నిలిచిన రాళ్ళని కొత్త కుర్రవాళ్ళకు చెప్పేవాడిని.

హైడ్రోజన్ కోసం ఎర్రగా కాలిన కోక్ మీద నీటి ఆవిరి పంపి గ్యాసు తయారుచేశారు. అందులో హైడ్రోజన్‌తో పాటు కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. అది ఉత్ప్రేరకానికి విషం. విల్‌హెల్మ్ విల్డ్ అనే సహచరుడు దానిని ఆవిరితో మళ్ళీ చర్య జరిపించి, మరింత హైడ్రోజన్‌గానూ, కార్బన్ డయాక్సైడుగానూ మార్చే మార్గం తీశారు. కార్బన్ డయాక్సైడును పీడనంలో నీటితో కడిగేవారు. మిగిలిన కొద్దిపాటి మోనాక్సైడును రాగి ద్రావణంతో తీసివేసేవారు. షిఫ్ట్ కన్వర్టర్ అనే మాట మన ప్లాంటుల్లో పనిచేసినవారి నాలుక మీద ఆడుతుంది. దాని పుట్టుక ఇదీ.

పగిలిన గొట్టాలు

మూడో ముడి అన్నిటికంటే గట్టిది. మంచి ఉక్కుతో చేయించిన రెండు కన్వర్టర్ గొట్టాలను పరీక్షకు పెట్టారు. ప్రమాదం జరిగినా మనుషులకు తగలకుండా కాంక్రీటు గోడల మధ్య ఉంచారు. సుమారు 80 గంటలు నడిచాక అవి పగిలిపోయాయి. పనివారి మీద, ఉక్కు పంపినవారి మీద నెపం వేయకుండా, బాష్ ఆ ముక్కలను కోయించి, మెరుగుపెట్టించి, సూక్ష్మదర్శిని కింద చూశారు. ఇది లోహశాస్త్రం చదివినవారు చేసే పని. రసాయన శాస్త్రజ్ఞులకు ఆనాడు ఆ అలవాటు లేదు.

చూస్తే, లోపలివైపు ఉక్కులోని కార్బన్ మాయమై ఉంది. వేడి హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి, దానికి బలాన్నిచ్చే కార్బన్‌ను మీథేన్‌గా మార్చివేసింది. మిగిలిన ఇనుము పెళుసెక్కి చీలిపోయింది. కార్బన్ ఉంటేనే ఉక్కుకు బలం. కార్బన్ ఉంటే హైడ్రోజన్ దానిని తినివేస్తుంది. ఈ చిక్కుకు చాలాకాలం పరిష్కారం కనిపించలేదు.

1911లో బాష్‌కు దారి దొరికింది. ఒకే గోడతో రెండు పనులు చేయించడం మానివేశారు. లోపల కార్బన్ దాదాపు లేని మెత్తని ఇనుప తొడుగు పెట్టారు. అది వాయువును ఆపుతుంది, కానీ పీడనాన్ని మోయలేదు. బయట బలమైన ఉక్కు గొట్టం పెట్టారు. అది పీడనాన్ని మోస్తుంది. లోపలి తొడుగు గుండా కొద్దికొద్దిగా చొచ్చుకువచ్చే హైడ్రోజన్ బయటి ఉక్కును తినివేయకుండా, ఆ ఉక్కు గొట్టానికి అక్కడక్కడా సన్నని రంధ్రాలు వేయించారు. వచ్చిన హైడ్రోజన్ ఆ రంధ్రాల గుండా గాలిలో కలిసిపోతుంది. నష్టం స్వల్పం. కన్వర్టర్ మాత్రం నిలబడింది. అంతటి పీడనాన్ని ఆపవలసిన గోడకు తానే చిల్లులు పెట్టించడమంటే ఎంత ధైర్యం కావాలో ప్లాంటులో పనిచేసినవారికి తెలుస్తుంది. ఇప్పుడు పొరలు పొరలుగా చేసే అధిక పీడన పాత్రలకు వీప్ హోల్స్ ఉంటాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు బాష్ గుర్తుకు వచ్చేవారు.

ఇవి కాక చిన్నవిగా కనిపించే పెద్ద పనులు వందలు. ఫ్రాంజ్ లాప్పె అనే మెకానికల్ ఇంజనీరు ఆయనకు కుడిభుజంగా నిలిచారు. గ్యాసు కారని కంప్రెసర్లు లేవు. తగిన వాల్వులు లేవు. అంత పీడనంలో ప్రవాహాన్ని కొలిచే మీటర్లు లేవు. వాయువులో ఏ పాలు ఎంత ఉందో ఎడతెగకుండా చూపే పరికరాలు లేవు. అన్నీ తామే తయారుచేసుకున్నారు. ఎక్కడ ఏమి జరుగుతున్నదో కాగితం మీద తనంతట తాను గీత గీసే పరికరాలు ఉండాలని బాష్ పట్టుబట్టారు. మన కంట్రోల్ రూములో చార్టులు మార్చిన ఆపరేటర్లందరూ ఆ సంప్రదాయంవారే.

1912 మేలో ఒప్పావు గ్రామం వద్ద కర్మాగారం నిర్మాణం మొదలైంది. 1913 సెప్టెంబరు 9న ఉత్పత్తి ఆరంభమైంది. రోజుకు 30 టన్నుల అమోనియా సామర్థ్యం. కేవలం తయారుచేసి ఊరుకోకుండా, ఎరువును పొలాల్లో పరీక్షించడానికి 1914లో లింబర్గర్‌హాఫ్ వద్ద వ్యవసాయ పరిశోధన కేంద్రం కూడా పెట్టించారు. అప్పటికి బాష్ వయసు నలభై ఏళ్ళు.

అదే ప్లాంటు, వేరే సరుకు

ఉత్పత్తి మొదలై ఏడాది తిరగకముందే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. బ్రిటిష్ నౌకాదళం సముద్ర మార్గాలను మూసివేయడంతో జర్మనీకి చిలీ నైట్రేటు ఆగిపోయింది. అది లేకపోతే తుపాకీమందు లేదు. 1914 శరదృతువులో బాష్ ప్రభుత్వానికి ఒక హామీ ఇచ్చారు. ఒప్పావు అమోనియాను పెద్ద ఎత్తున నైట్రేటుగా మార్చి ఇస్తానన్నారు. 1915 మేలో ఆ హామీ నెరవేరింది. అదే నెలలో ఫ్రెంచి విమానాలు లుడ్విగ్స్‌హాఫెన్, ఒప్పావుల మీద బాంబులు వేశాయి. విమానాలకు అందనంత దూరంలో, జర్మనీ నడిబొడ్డున లొయినా వద్ద ఇంకా పెద్ద కర్మాగారాన్ని 1916లో మొదలుపెట్టి మరుసటి ఏడాదికే నడిపించారు.

ఇంజనీరుగా చూస్తే ఇవి అద్భుతాలు. మనిషిగా చూస్తే ఏమనాలి? ఈ కర్మాగారాలు లేకపోతే జర్మనీ అంతకాలం యుద్ధం సాగించగలిగేది కాదని చరిత్రకారులు చెబుతారు. ఎరువు కోసం కట్టిన కన్వర్టర్‌కు తన అమోనియా ఎక్కడికి పోతుందో తెలియదు. దానిని నడిపించినవారికి తెలుసు. దేశం యుద్ధంలో ఉన్నప్పుడు తాను ఏమి చేయగలడని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్నకు నా దగ్గర సులువైన జవాబు లేదు. కానీ ఆ ప్రశ్న ఆయనను జీవితాంతం వదలలేదని తరువాతి కథ చూస్తే తెలుస్తుంది.

యుద్ధం ముగిశాక 1919లో ఆయన కంపెనీకి అధిపతి అయ్యారు. అదే సంవత్సరం వెర్సాయి సంధి చర్చలకు జర్మన్ బృందంతో నిపుణుడిగా వెళ్ళారు. గెలిచినవారు ఒప్పావు, లొయినాలను కూల్చివేయకుండా కాపాడుకోవడానికి, పద్ధతి రహస్యాలను ఫ్రాన్సుకు ఇచ్చే ఒప్పందం కుదిరింది.

1921 సెప్టెంబరు 21

ఆ రోజు ఉదయం ఏడున్నర దాటగానే ఒప్పావు కర్మాగారంలోని ఎరువుల గోడౌను పేలిపోయింది. అందులో సుమారు 4,500 టన్నుల అమోనియం సల్ఫేట్, నైట్రేట్ మిశ్రమం ఉంది. ఆ స్థలంలో పెద్ద చెరువంత గొయ్యి పడింది. 561 మంది చనిపోయినట్లు లెక్క తేలింది. దాదాపు రెండు వేల మంది గాయపడ్డారు. ఒప్పావు ఊరిలో ఇళ్ళు చాలా భాగం కూలిపోయాయి.

నిల్వ ఉన్న ఎరువు రాయిలా గట్టిపడేది. దానిని వదులు చేయడానికి చిన్న చిన్న పేలుడు కట్టలు పెట్టేవారు. మిశ్రమం పేలదని ముందే పరీక్షలు చేశారు. అంతకుముందు వేలసార్లు అదే పని చేసినా ఏమీ కాలేదు. అసలు కారణం ఆనాటి విచారణలో పూర్తిగా తేలలేదు. అయితే ఆ ఏడాది ఎరువును ఆరబెట్టే పద్ధతి మార్చారని, దానివల్ల తేమ తగ్గి, పొడి మెత్తబడి, పేలే గుణం పెరిగి ఉంటుందని తరువాత పరిశీలించినవారు వ్రాశారు.

ఈ భాగం చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. నేను పనిచేసిన చోట వర్షాకాలంలో సైలోలో యూరియా గడ్డకట్టేది. కాంట్రాక్టు కూలీలు గునపాలతో కొట్టి దించేవారు. యూరియా అమోనియం నైట్రేట్ వంటిది కాదు కనుక ఆ భయం లేదు. కానీ ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదా అన్న మాట నేను ప్లాంటులో ఎన్నోసార్లు విన్నాను. ప్రాసెస్‌లో ఒక మెట్టు మారిస్తే, పది మెట్ల కింద ఉన్న గోడౌనులో ఏమవుతుందో మళ్ళీ మొదటినుంచి పరీక్షించాలి. పాత పరీక్ష కొత్త సరుకుకు చెల్లదు. మా వృత్తికి ఒప్పావు మృతులు నేర్పిన పాఠం ఇది.

మృతుల అంత్యక్రియల సభలో బాష్ మాట్లాడారు. పంటకు బలమిచ్చి లక్షలమందికి అన్నం పెట్టవలసిన పదార్థమే ఇంతమందిని బలిగొన్నదని ఆయన దుఃఖపడ్డారు. తరువాత ఆరోగ్యం దెబ్బతిని నెలల తరబడి మంచంపట్టారు. కార్ల్ క్రౌఖ్ అనే సహచరుడు నాలుగు నెలలలోపు ప్లాంటును తిరిగి నిలబెట్టారు.

కీర్తి, ఆ తరువాత

అధిక పీడనంలో నేర్చిన పని అమోనియాతో ఆగలేదు. 1923లో అదే పరిజ్ఞానంతో మిథనాల్ తయారైంది. 1925లో జర్మనీలోని పెద్ద రసాయన కంపెనీలు కలిసి ఐ.జి. ఫార్బెన్ అనే మహాసంస్థ ఏర్పడింది. దానికి మొదటి అధిపతి బాష్. ఫ్రీడ్రిక్ బెర్గియస్ కనిపెట్టిన పద్ధతి హక్కులు కొని, 1927లో లొయినాలో బొగ్గు నుంచి పెట్రోలు తీయడం ఆరంభించారు. 1931లో బాష్, బెర్గియస్‌లకు కలిపి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. కొత్త మూలకాన్నో సిద్ధాంతాన్నో కనుగొన్నందుకు కాదు, అధిక పీడన పద్ధతులను పరిశ్రమకు అందించినందుకు ఇచ్చారు. ఆయన నోబెల్ ఉపన్యాసం నిండా ఉక్కు, గొట్టాలు, వాయువుల శుద్ధి, కొలత పరికరాల ప్రస్తావనే. మన షాప్ ఫ్లోర్ భాష స్టాక్‌హోంలో వినిపించిన రోజు అది.

కానీ బొగ్గు పెట్రోలు చాలా ఖరీదు పడింది. 1933లో నాజీలు అధికారంలోకి వచ్చారు. ఆ డిసెంబరులో ఐ.జి. ఫార్బెన్ వారి ప్రభుత్వంతో ధర హామీ ఒప్పందం చేసుకుంది. ప్లాంటు మూతపడకుండా నిలిచింది. దానితోపాటు హిట్లర్ సైన్యానికి ఇంధనం కూడా సమకూడింది. బాష్ నాజీ కాదు. యూదు శాస్త్రవేత్తలను ఉద్యోగాల నుంచి వెళ్ళగొట్టడం దేశానికి చేటని హిట్లర్‌కు ముఖాముఖిగా చెప్పారు. అలాగైతే ఆ శాస్త్రాలు లేకుండానే వందేళ్ళు గడుపుతామని హిట్లర్ కసిరి, సమావేశం ముగించాడని చెబుతారు. యూదుడైన హేబర్ పదవి వదిలి దేశం విడిచి 1934 జనవరిలో బాసెల్‌లో మరణించారు. ఏడాది తరువాత బెర్లిన్‌లో మాక్స్ ప్లాంక్ జరిపిన హేబర్ సంస్మరణ సభకు ప్రభుత్వ ఉద్యోగులు వెళ్ళరాదని ఆంక్ష పెట్టారు. బాష్ మాత్రం సహచరులతో వెళ్ళి కూర్చున్నారు.

1937లో కైసర్ విల్‌హెల్మ్ సొసైటీకి ఆయన అధ్యక్షులయ్యారు. అప్పటికే మనసు క్రుంగిపోయి, తాగుడు ఎక్కువైంది. హైడెల్‌బర్గ్‌లోని ఇంట్లో నక్షత్రాలు చూసే వేధశాల, పురుగుల, ఖనిజాల సేకరణలే ఆయనకు ఊరట. 1939 మేలో మ్యూనిక్‌లో ఒక సభలో శాస్త్రానికి స్వేచ్ఛ కావాలని మాట్లాడి ప్రభుత్వ ఆగ్రహానికి గురయ్యారు. 1940 ఏప్రిల్ 26న హైడెల్‌బర్గ్‌లో 65వ ఏట కన్నుమూశారు.

తాను కట్టిన సంస్థ ఆ తరువాత ఎంతకు దిగజారిందో చూడడానికి ఆయన మిగలలేదు. ఐ.జి. ఫార్బెన్ ఆష్విట్జ్ దగ్గర ఖైదీల చేత చాకిరీ చేయిస్తూ కర్మాగారం కట్టింది. వేలమంది ఆ పనిలో చనిపోయారు. ఒప్పావును తిరిగి నిలబెట్టిన క్రౌఖ్‌కు 1948లో నూరెంబర్గ్ న్యాయస్థానం శిక్ష విధించింది. మంచి ఇంజనీరు కావడమూ, మంచికి నిలబడడమూ ఒకటి కాదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

మన పొలాల్లో

బాష్ ఒప్పావులో నిలబెట్టిన పద్ధతి మన దేశానికి నెమ్మదిగా వచ్చింది. 1947లో కేరళలోని ఉద్యోగమండల్‌లో ఫాక్ట్ కర్మాగారం కట్టెలను గ్యాసుగా మార్చి అమోనియా తీసింది. 1951లో సింద్రీ నడిచింది. తెలుగునాట 1967లో విశాఖపట్నంలో కోరమాండల్ ఫెర్టిలైజర్స్ మొదలైంది. 1980లో రామగుండంలో బొగ్గు నుంచి ఎరువు తీశారు. 1999లో అది మూతపడింది. తిరిగి 2021లో అదే చోట సహజవాయువుతో కొత్త ప్లాంటు ఉత్పత్తి మొదలుపెట్టింది. కొత్త వరి వంగడాలు వచ్చాక యూరియా బస్తా కోసం సొసైటీ ముందు రైతులు బారులు తీరిన రోజులు మనకు తెలుసు. ఈనాడు ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది తిండి ఈ పద్ధతిలో తయారైన నత్రజని మీద ఆధారపడి ఉందని శాస్త్రజ్ఞుల అంచనా. అవసరానికి మించి చల్లితే అదే నత్రజని బావుల నీటినీ, చెరువులనూ పాడుచేస్తుందన్నదీ నిజమే.

మన సభ్యులలో చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. పంపు సీలు మార్చినవారు, రాత్రి షిఫ్టులో లాగ్ బుక్ నింపినవారు, శాంపిలు పట్టి లాబొరేటరీకి పరుగెత్తినవారు లేకపోతే ఏ సమీకరణమూ టన్ను సరుకు కాదు. బాష్ జీవితం ఆ పనికి ఉన్న గౌరవాన్ని చెబుతుంది. మనం తయారుచేసిన సరుకు గేటు దాటాక ఎటు పోతున్నదో, గోడౌనులో ఎలా ఉన్నదో పట్టించుకోవలసిన బాధ్యతనూ చెబుతుంది. మనవలు, మనవరాళ్ళు హేబర్ పద్ధతి చదువుకుంటుంటే, ఆ పేరు పక్కన బాష్ పేరు కూడా చేర్చి చెప్పండి. ఒప్పావులో పోయిన 561 మంది సంగతి కూడా చెప్పండి. ఎరువుల కర్మాగారాల్లో పనిచేసిన సభ్యులు తమ అనుభవాలను వ్రాసి పంపితే తరువాతి సంచికలకు ఎంతో ఉపయోగంగా ఉంటుందని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.